మేస్త్రీకి ఆమేన్ చెప్పాలి

మా కుక్క పేరు మేస్త్రీ. ఆ పేరు పెట్టింది రొయ్యల చెరువుల దగ్గర మా కూలీలు. షెడ్డు ముందు రాటకు కట్టేసి ఉన్నా వాడి కళ్ళు మేత బస్తాలు మోసేవాళ్ళ వెంటే తిరిగేవి. ఎవరైనా బీడీ వెలిగించి కూలబడితే చాలు, మొరిగి లేపేవాడు. తాను చెయ్యకుండా పక్కవాళ్ళ చేత చేయించేవాణ్ణి మేస్త్రీ అనక ఇంకేమంటారు?

బోగోలు అవతల సముద్రపు ఒడ్డున లీజుకు తీసుకున్న ఆ చెరువుల మీద మేము చాలా ఏళ్ళు బతికాము. తెల్లమచ్చల రోగం వచ్చి, పట్టుబడికి ముందే రొయ్య అంతా చచ్చి తేలింది. మళ్ళీ వేశాము, మళ్ళీ పోయింది. లీజు వదులుకున్నాము. మా ఆయన క్రీస్తురాజు నెల్లూరులో ఒక మేత డీలరు దగ్గర ఉద్యోగానికి కుదిరాడు. నిన్నటి దాకా తన చెరువు తాను చూసుకున్న మనిషి ఇప్పుడు ఊరూరూ తిరిగి పరాయివాళ్ళ చెరువు కట్టల మీద నిలబడి, మా మేత వాడి చూడండి అని బతిమాలాలి. కోవూరులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో అద్దెకు దిగాము. ఆయన, నేను, మేస్త్రీ. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

ఆ ఫ్లాటు గురించి మాత్రం చెప్పకుండా వదలను. లిఫ్టు కోసం తవ్విన గుంట ఉంది, లిఫ్టు లేదు. వంటింటి కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ, పడకగది కిటికీ తెరిస్తే అదే గోడలో ఇంకో ముక్క. బాల్కనీకి కింది నుంచి పై దాకా ఇనుప చువ్వలు బిగించారు, దొంగల భయమట. మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చే దొంగకు మా ఇంట్లో ఏం దొరుకుతుందో నాకు తెలియదు. చెరువుల దగ్గర తలుపు తీస్తే సముద్రం దాకా చూపుకు అడ్డం ఉండేది కాదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు ఊపిరి ఆడేది కాదు. ఇప్పుడూ ఆడదు, అలవాటైపోయింది.

దీనికి తోడు మా ఆయన ప్రార్థన మానేశాడు. చెరువుల దగ్గర పొద్దునా సాయంత్రం ప్రార్థన చేయించింది ఆయనే. రెండోసారి రొయ్య చచ్చిన రోజు నుంచి నోరు మూసుకున్నాడు. ఆదివారం చర్చికి వస్తాడు, తెల్లచొక్కా వేసుకుని చివరి బెంచీలో కూర్చుంటాడు, పెదవి కదపడు. ఎందుకని అడిగితే ఒకటే మాట.

"నాకూ ఆయనకూ మాటల్లేవు కుమారీ."

దేవుడేదో పక్కింటి దాయాది అయినట్టు! నేను పోరి పోరి ఊరుకున్నాను. రెండు పూటలా పడకగదిలో నేనొక్కదాన్నే మోకరించి, ఇద్దరి వంతూ నేనే చేసుకుంటున్నాను.

ఇక మేస్త్రీ. వాడు పాలు తాగే కూన కాదు, గడ్డం దగ్గర నెరుపు వచ్చిన కుక్క. చెరువు కట్ట మీద ఒక్క చుక్క పోసి ఎరగడు. కట్ట మీద కుక్క మురికి పడితే రొయ్యకు జబ్బు అంటుతుందని మా ఆయన వాణ్ణి అంత గట్టిగా అలవాటు చేశాడు. అలాంటివాడు ఈ ఫ్లాటుకు వచ్చిన రోజే హాలు మధ్యలో కాలెత్తాడు. కొత్త చోటు, బెదిరాడు అనుకున్నాను. మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడు కూడా అంతే.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఫోనులో వీడియోలు చూసి పాత పేపర్లు పరిచాను. వాడు వాటి మీద హాయిగా పడుకున్నాడు. బాత్‌రూములో చేయిద్దామంటే, ఒకసారి అక్కడ స్నానం చేయించిన పాపానికి గుమ్మం దగ్గరే నాలుగు కాళ్ళూ బిగబట్టి జారుకుంటూ వెనక్కి పోయేవాడు. ఎండు నెత్తళ్ళు కొంగున మూట గట్టుకుని కిందికి తీసుకుపోయేదాన్ని. అపార్ట్‌మెంటు పక్కన సర్కారు తుమ్మ మొలిచిన ఖాళీ స్థలం ఒకటి ఉంది. అక్కడ గంటల తరబడి నిలబడితే వాడు నా మొహం చూస్తూ కూర్చునేవాడు. పోరా నాయనా, పోరా బంగారం, పోరా దరిద్రుడా అని అన్ని రకాలుగా చెప్పి చూశాను. నెత్తళ్ళ వాసనకు వీధిలోని పిల్లులన్నీ వచ్చేవి గానీ వాడికి మాత్రం ఒంటికి వచ్చేది కాదు.

కాళ్ళు పీక్కుపోయి, వాణ్ణి మళ్ళీ మూడు అంతస్తులు ఎక్కించి, నేరుగా పడకగదిలోకి పోయి మోకరించేదాన్ని. ప్రభువా, ఈ మూగజీవికి కాస్త బుద్ధి ఇవ్వు, నాకు కాస్త ఓర్పు ఇవ్వు, ఆమేన్ అని లేచి ఇవతలికి వచ్చేసరికి నా ప్రార్థనకు జవాబు హాలు మధ్యలో పారుతూ ఉండేది. కోపం ఆపుకోలేక ఒకసారి చీపురు విసిరాను. వాడు తప్పుకోలేదు. అర్థం కానట్టు నన్నే చూస్తూ నిలబడ్డాడు.

హాలు నాది కాబట్టి తుడుచుకున్నాను. బాల్కనీ దగ్గర చిక్కు వచ్చింది. మా కింద ఫ్లాటులోనే అసోసియేషన్ సెక్రటరీ సంజీవరావు గారు ఉంటారు. రిటైరైన హెడ్మాస్టరు, నెమ్మదైన మనిషే. ఒకరోజు ఉదయం తడిసిన పేపరు పట్టుకుని పైకి వచ్చారు.

"ఏందమ్మా ఆనందకుమారి గారూ ఇది? కుర్చీ వేసుకుని పేపరు చదువుతా ఉంటే చుక్కలు పడినాయి. ఏసీ నీళ్ళనుకున్నా. వాసన చూస్తే తెలిసింది."

"తప్పైపోయింది సార్. వాడికింకా అలవాటు కాలా."

"కుక్కంటే నాకేం కోపం లేదమ్మా. మీటింగులో అందరూ అంటుండారు. ఈ నెలలోపల మాన్పించండి. లేదంటే యాడికన్నా పంపించెయ్యండి."

ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే, చొక్కాకు అంటిన మేత పొడి దులుపుకుంటూ, "ముత్యాలయ్య అడిగినాడు, పంపించేద్దాం" అన్నాడు.

ముత్యాలయ్య అంటే మా చెరువులు ఇప్పుడు లీజుకు తీసుకున్న ఆసామి. మంచీ చెడ్డా రెండూ మాట్లాడతాను. మనిషి కష్టపడతాడు, కానీ ఆయన దగ్గర కుక్కకు గొలుసు విప్పే వేళ ఉండదు. రాట చుట్టూ తిరిగి తిరిగి మెడ పుండు పడ్డ కుక్కను నా కళ్ళతో చూశాను.

"అక్కడికి పంపేదానికన్నా వాడికింత విషం పెట్టడం మేలు" అన్నాను.

"అయితే నువ్వే మాన్పించు" అన్నాడు ఆయన. కోపంగా కూడా అనలేదు. ఇప్పుడు దేనిమీదా ఆయనకు కోపం రాదు, అదే నా ఏడుపు. పొద్దున బండెక్కి పోతే దీపాలు పెట్టాక వస్తాడు. తింటాడు, పడుకుంటాడు. పగలంతా ఆ చువ్వల మధ్య నాతో ఉండేది మేస్త్రీయే. వాడూ పోతే ఆ ఇంట్లో నా గొంతు వినే ప్రాణి ఉండదు. ఇంత వయసొచ్చాక కుక్క కోసం భయపడుతున్నానని ఎవరితో చెప్పుకుంటాను?

ఆ వారంలోనే మా ఇంట్లో గృహ ప్రార్థన కూడిక పడింది. పాస్టరమ్మ కెజియా, నలుగురు సిస్టర్లు వచ్చారు. కెజియా నాకన్నా చాలా చిన్నది, అక్కా అని నోరారా పిలుస్తుంది. నేను కోవూరు వచ్చాక నన్ను వెతుక్కుంటూ మూడు అంతస్తులు ఎక్కి వచ్చిన మొదటి మనిషి ఆమె. మేస్త్రీని బాల్కనీలో కట్టేసి, అద్దం తలుపు మూసి, ముందుగానే నేలంతా ఫినాయిలు పెట్టి తుడిచి కూర్చున్నాను.

పాట అయింది. కెజియా ప్రార్థన చేసింది, అందరం ఆమేన్ అన్నాము. బాల్కనీ వైపు ఏదో చప్పుడు వినిపించి కళ్ళు తెరిచాను. వాషింగ్ మెషీను పక్కన మేస్త్రీ కాలెత్తి ఉన్నాడు. ఒక సిస్టరు తన కొడుకు పరీక్షల గురించి ప్రార్థన మొదలుపెట్టింది. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు, దేవుడు క్షమించుగాక. ఆమె చెబుతున్నంత సేపూ వాడు చెవులు నిక్కించి కూర్చున్నాడు. ఆమేన్ అనగానే లేచాడు, కాలెత్తాడు. ఇంకో సిస్టరు మోకాళ్ళ నొప్పులు. వాడు కూర్చున్నాడు. ఆమేన్. లేచాడు. లోపల సరుకు అయిపోయినా పాపం, మర్యాదకు కాలెత్తి రెండు చుక్కలు రాల్చి కూర్చున్నాడు.

అప్పుడు నాకు చెరువు కట్ట కళ్ళ ముందు కనిపించింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా ఆయన చెప్పులు విడిచి షెడ్డు ముందు నిలబడేవాడు. కూలీలు ఏ మతం వాళ్ళైనా తలగుడ్డ తీసి నిలబడేవాళ్ళు. ప్రార్థన అయ్యి ఆమేన్ అన్నాకే మేస్త్రీ మెడలో తాడు విప్పేవాళ్ళం. విప్పగానే కట్ట దిగి సరుగుడు తోపులోకి పరుగెత్తి, ఇసుకలో తన పని చూసుకుని వచ్చేవాడు. అన్నేళ్ళూ అదే వరస. వాడికి తెలిసిన సెలవు మాట అదొక్కటే.

అంటే ఇన్నాళ్ళూ వాడు తప్పు చెయ్యలేదు. చెప్పిన మాట విన్నాడు. చెప్పింది నేను. ఈ కుక్కకు బుద్ధి ఇవ్వమని వేడుకుని, ఆ వేడుకోలు చివరనే వాడికి సెలవిచ్చి, మళ్ళీ చీపురు విసిరింది కూడా నేనే. అందరూ వెళ్ళాక వాడి ముందు కూలబడి మెడ కావలించుకుని ఏడ్చాను. నవ్వాను కూడా. వాడు నా చెవి నాకాడు.

కారణం తెలిస్తే పని సులువు అనుకున్నాను. మర్నాడు వాణ్ణి ఖాళీ స్థలంలో నిలబెట్టి ఆమేన్ అన్నాను. వాడు కదల్లేదు. గట్టిగా అన్నాను. రోడ్డు మీద పోయే పాలవాడు తిరిగి చూశాడు గానీ వాడు చూడలేదు. ఆ ఒక్క మాట వాడికి చాలదు. తల వంచాలి, కళ్ళు మూసుకోవాలి, నాలుగు మాటలు దేవుడితో మాట్లాడాలి, ఆ తరువాత అనాలి. చివరికి కొంగు తలమీద వేసుకుని చెప్పులు విడిచి ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాను. వాడు తుమ్మ మొదలు దగ్గరికి పోయి, ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నట్టు నిలబడి పోశాడు. కొంగు విప్పి నెత్తళ్ళన్నీ పెట్టాను.

అయితే ఒక ముల్లు లోపల గుచ్చుకుంది. కుక్క ఒంటికి పోవడం కోసం దేవుడి పేరు ఎత్తడం తప్పు కాదా? ఉత్తుత్తి ప్రార్థన చెయ్యకూడదని గట్టిగా అనుకున్నాను. నా అసలు ప్రార్థనే అక్కడికి దించాను. మా ఆయన నోరు తెరవాలని, నాకు ఊపిరి ఆడాలని, తుమ్మ ముళ్ళ మధ్య నిలబడి రెండు పూటలా అడిగేదాన్ని. ఇంట్లో మాత్రం ఆమేన్ మానేశాను. అన్నం ముందు చేసే చిన్న ప్రార్థన కూడా మధ్యలోనే ఆపి ముద్ద నోట్లో పెట్టుకునేదాన్ని. ప్రార్థన చేసి ఆమేన్ అనకపోతే ఎలా ఉంటుందో తెలుసా? గడియ వెయ్యకుండా పడుకున్నట్టు ఉంటుంది. నా ఇంట్లో నేను నోటికొచ్చిన మాట అనలేని బతుకైపోయింది.

హాలు ఆరింది. బాల్కనీ ఆరింది. సంజీవరావు గారు మెట్ల మీద కనిపించి, "మీ కుక్క బాగుపడిందమ్మా" అన్నారు. నేను పొంగిపోయాను. ఆ పొంగు ఎక్కువ రోజులు నిలవలేదు.

ఒక ఉదయం మేస్త్రీతో కిందికి దిగేసరికి ఖాళీ స్థలం ముందు కారు ఆగి ఉంది. తెల్ల పంచె కట్టిన పెద్దాయన తుమ్మ చెట్లను చూస్తూ నిలబడ్డాడు. ఆ స్థలం యజమాని, బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల వ్యాపారం చేసే రంగనాయకులు గారు.

"రోజూ ఇక్కడ ప్రార్థన పెట్టేది నువ్వేనా అమ్మా?" అన్నాడు. "నా స్థలంలో చర్చి కట్టబోతుండారంట గదా. శంకుస్థాపన ఎప్పుడో చెప్పు, టెంకాయ తీసుకొస్తా."

అది చాలదన్నట్టు అప్పుడే గేటు దగ్గర ఆటో దిగి, బైబిలు సంచి భుజాన వేసుకుని కెజియా వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"వందనాలు అక్కా! నాకూ తెలిసిందిలే. ఈ స్థలం కోసం దేవుడు నీకు ప్రార్థన భారం ఇచ్చినాడంట గదా. రోజూ ఒంటరిగా నిలబడి ప్రార్థిస్తుండావంట. నాతో ఒక్క మాట చెప్పలేదే?"

ఇద్దరూ ఒకే పూట రావాలా? ప్రార్థనే అంటే ఈ పెద్దాయన తగువుకు దిగుతాడు, నావల్ల మా చర్చి మీద మాట పడుతుంది. కుక్క కోసం అంటే కెజియా మొహం ఎలా చూడను? ఎటు తిరిగినా గోడే. ఇటు మేస్త్రీ కడుపు నిండా పట్టుకుని, ఎప్పుడు మొదలుపెడతావన్నట్టు నా కాళ్ళ దగ్గర కూర్చుని చూస్తున్నాడు. అబద్ధం ఆడాలని లేకపోలేదు, తగిన అబద్ధం దొరకలేదు. ఉన్నదంతా చెప్పేశాను. చెరువు కట్ట, తాడు, సరుగుడు తోపు, ఆమేన్, అన్నీ.

రంగనాయకులు గారు నమ్మలేదు. "ఇదేదో కథ మాదిరి ఉండాదే. ఏదీ, చేయించు చూద్దాం" అన్నాడు.

కెజియా వైపు చూడకుండా చెప్పులు విడిచాను. కొంగు కప్పుకున్నాను. ఆ పూట ఏం ప్రార్థించానో నాకే గుర్తులేదు, ఈ నేల నోరు తెరిచి నన్ను మింగితే బాగుండునని అడిగానేమో. ఆమేన్ అన్నాను. మేస్త్రీ లేచి తుమ్మ మొదలు దగ్గరికి నడిచాడు.

పెద్దాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "కుక్క ఉచ్చ పోస్తే ఎండకు ఆరిపోతుందమ్మా. ప్రార్థన పెడితే ఆరదు, అందుకని వచ్చినా. నీ కుక్కను నువ్వు తిప్పుకో, నాకేం అభ్యంతరం లేదు" అని కారెక్కి పోయాడు.

కెజియా నవ్వలేదు. కోప్పడి ఉన్నా బాగుండేది. సంచి తాడు వేళ్ళకు చుట్టుకుంటూ మెల్లగా అంది.

"మా నాయన పోయేటప్పుడు నాలుక తిరగలేదక్కా. పొద్దుటి నుంచి కష్టపడి ఆఖరున ఆమేన్ అన్నాడు. అదే ఆఖరు మాట."

"కెజియా, నేను ఉత్తుత్తిగా అనలేదు తల్లీ. నిజంగానే ప్రార్థన చేసినాను" అన్నాను.

"ఏమో అక్కా. నాకు మనసు ఒప్పుకోవడంలా" అని వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది. ఆ తరువాత కూడికలు మా ఇంటికి రాలేదు. ఎవరూ నన్ను రావద్దనలేదు, పిలవనూ లేదు. మెట్లెక్కి వచ్చే ఒక్క మనిషీ రాకుండా పోయింది. ఆ రాత్రి మా ఆయనకు జరిగిందంతా చెబితే విన్నాడు. మేస్త్రీ వైపు ఒకసారి చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తరువాత వాన కాలం వచ్చింది. మెట్ల మీద టైల్సు తడిసి ఉన్నాయి. మేస్త్రీ వెనక దిగుతూ జారి పడ్డాను. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. మోకాలి కింది దాకా కట్టు కట్టి, కాలు కింద మోపొద్దని చెప్పి, కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చి ఫ్లాటులో దించారు. ఇంతకు ముందు జైలు అనుకున్నది జైలు కాదు, ఇప్పుడు తలుపు దాకా పోవడానికి కూడా గోడ పట్టుకోవాలి. మెట్లు దిగే మాటే లేదు.

మేస్త్రీని తిప్పడం మా ఆయన మీద పడింది. ఆ సాయంత్రం తీసుకుపోయి తిరిగి తెచ్చాడు.

"పొయ్యలా" అన్నాడు.

"నువ్వు ప్రార్థన చెయ్యలా?"

ఆయన తాడు మేకుకు తగిలించి లోపలికి పోయాడు. మర్నాడు పొద్దున కూడా అంతే. వాడి కడుపు రాయిలా బిగుసుకుంది. నీళ్ళు తాగడం మానేసి తలుపు దగ్గర చిన్నగా మూలుగుతున్నాడు. నేను ఒక్క మాట అంటే చాలు, వాడి ప్రాణం తేలికపడుతుంది. కానీ హాలులో చేస్తే మళ్ళీ అలవాటు మొదటికి వస్తుంది. బాల్కనీలో చేస్తే కింద సంజీవరావు గారు. మాన్పించకపోతే పంపించెయ్యమని ఆయన ముందే చెప్పారు. బాత్‌రూములోకి లాగడానికి నాకు కాలు లేదు. ఫోనులో ప్రార్థన చేస్తానని, స్పీకరు పెట్టి వాడికి వినిపించమన్నాను. వాడు ఫోను వాసన చూసి, నా గొంతు వెతుక్కుంటూ తాడు లాక్కుని పైకి పరుగెత్తుకొచ్చాడు.

మధ్యాహ్నానికి ఆయన పని మధ్యలో వదిలి ఇంటికి వచ్చాడు. వాడి పక్కన కూర్చుని పొట్ట తడిమి చూశాడు.

"నావల్ల గాదు కుమారీ. ముత్యాలయ్యకు ఫోన్ చేస్తా. సాయంత్రం వ్యాను పంపిస్తాడు. అక్కడైతే ఇసక ఉండాది, తోపు ఉండాది, వాడే పోతాడు."

"నాలుగు మాటలు చెప్పి ఆమేన్ అనలేవా? వాడి ప్రాణం పోతుండాది!"

"కుక్క కోసం ఆయన్ను పిలవాలా?" అన్నాడు. అన్నాళ్ళ తరువాత ఆయన గొంతులో కోపం విన్నాను. "అన్ని చెరువులు చచ్చిపోతా ఉంటే కట్ట మీద నిలబడి పిలిచినాను. పలికినాడా? ఇప్పుడు ఉచ్చ కోసం పిలిస్తే పలుకుతాడా? ఊరికే నోటితో నేను అనలేను. నాకు రాదు."

"ఊరికే అనొద్దు. తిట్టు. తిట్టి ఆమేన్ అను" అన్నాను.

ఆయన తాడు తీసుకుని వాణ్ణి లేపి మెట్లు దిగాడు. నేను గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుకుంటూ బాల్కనీలోకి పోయి చువ్వలు పట్టుకున్నాను. మబ్బు పట్టి ఉంది. కింద తుమ్మ చెట్ల మధ్య ఆయన చెప్పులు విడిచి నిలబడ్డాడు. మేస్త్రీ ఎదురుగా కూర్చున్నాడు, చెవులు నిక్కించి.

మొదట పెదవులు కదలడం కనిపించిందంతే. అయిపోతుంది, ఇప్పుడు అంటాడు అనుకున్నాను. అనలేదు. భుజాలు అదరడం మొదలుపెట్టాయి. గొంతు పైకి లేచింది, మూడో అంతస్తు దాకా వచ్చింది.

"రొయ్య పోయింది, పోనీ! చెరువు పోయింది, పోనీ! నేను అడిగినానా నిన్ను? కుమారిని తీసుకొచ్చి ఆ డబ్బాలో పెట్టినాను. సముద్రం ఎదురుగా బతికిన మనిషి గోడ చూస్తా కూర్చునుండాది. నేను చూడడంలా అనుకుంటుండాది. నేను చూస్తానే ఉండా! రోజూ చూస్తానే ఉండా! ఏం చెయ్యమంటావో చెప్పు. నువ్వే చెప్పు."

నా పేరు అంత దూరం నుంచి వినపడింది. ఈయన నన్ను చూడడం మానేశాడని నేను ఎన్ని సాయంత్రాలు ఏడ్చాను! కన్నీళ్ళు తుడుచుకుందామంటే చువ్వలు వదిలితే పడిపోతాను. అక్కడ మేస్త్రీ వణుకుతున్నాడు. ఒకసారి ఆయన వైపు, ఒకసారి తల ఎత్తి నా వైపు చూస్తున్నాడు. ఇక్కడి నుంచి నేను ఆమేన్ అని అరిస్తే వాడు బతికిపోతాడు. కానీ అరిస్తే ఆయన ఆపేస్తాడు. ఒకసారి ఆపితే మళ్ళీ ఎన్నేళ్ళకు నోరు తెరుస్తాడో. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచుకుని, ఆ మాట నాలుక మీద పట్టుకుని నిలబడ్డాను.

మేస్త్రీయే లేచాడు. ఆయన చేతిలో తాడు ఎప్పుడో జారిపోయింది. ఎవరూ సెలవివ్వకుండానే వాడు తుమ్మ మొదలు దగ్గరికి నడిచి కాలెత్తాడు. చాలా సేపు పోశాడు. తిరిగొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడుకుని, ముందు కాళ్ళ మీద గడ్డం ఆనించాడు. ఆయన చూడలేదు. కళ్ళు మూసుకుని ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఈసారి మెల్లగా, నాకు వినపడకుండా.

చినుకులు మొదలయ్యాయి. కింద బాల్కనీలోంచి సంజీవరావు గారు చువ్వలకు మొహం ఆనించి పైకి కేక వేశారు.

"కుక్క పని అయిపోయిందమ్మా! వాన వచ్చేట్టుంది, మీ ఆయన్ను పిలవండి."

"ఉండనీండి సార్" అన్నాను. "ఆయన పని ఇంకా కాలేదు."